చెవులమ్మ డిస్కులు

ఆ నేత మిల్లులో మూడు షిఫ్టుల జనమూ ఆమెను చెవులమ్మ అనేవారు. అసలు ఉద్యోగం నర్సు. గేటు పక్కనున్న రెండు గదుల డిస్పెన్సరీలో కట్లు కట్టడం, బీపీ చూడడం, జ్వరానికి మాత్రలివ్వడం ఆమె పని. కానీ ఏడాదికొకసారి మగ్గాల షెడ్డులో ఉన్న ప్రతి మనిషినీ చెక్క గదిలో కూర్చోబెట్టి చెవులు పరీక్షించేది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పేరు పెట్టినవాళ్లకు ఆమె మీద ప్రేమేమీ లేదు. ఆమెకూ వాళ్ల మీద లేదు.

నిజం చెప్పాలంటే ఆమెకు ఎవరన్నా చులకనే. వారానికోసారి వచ్చే డాక్టరు రోగి మొహం చూడకుండానే చీటీ రాసేస్తాడు, అందుకని అతనంటే చులకన. మేనేజరు షెడ్డులో నడిచినంతసేపూ రెండు చేతులతో చెవులు మూసుకుని, బయటికి రాగానే "మరీ అంత మోతేం లేదే" అంటాడు, అందుకని అతనంటే ఒళ్లుమంట. ఇక పనివాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. తాను ఒక్కొక్కరి చేతిలో పెట్టి మరీ పంచిన చెవి బిరడాలను కొందరు జేబులో వేసుకుని తిరిగేవారు, కొందరు చిల్లుపడిన గొట్టాలకు కుక్కేవారు. ఒక మహానుభావుడు ఇంటికి పట్టుకెళ్లి కొడుకు బొమ్మ తుపాకీలో గుళ్లుగా పెట్టాడు. "నీ చెవులు, నీ ఇష్టం. చెడిపోయాక నా దగ్గరికొచ్చి ఏడవకు" అనేది ఆమె. వాళ్లు నవ్వేవారు. నాలుగైదేళ్లు పోయాక అదే మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది, మొదటిసారి వినబడక.

ఆమె భర్త ఆ షెడ్డులోనే మగ్గాల మెకానిక్. పెళ్లయిన కొత్తలో పక్క వాటాలో గడియారం కొట్టుకోవడం విని టైము చెప్పేవాడు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆయన పక్కనే కుక్కరు కూత వేసినా తలెత్తడం మానేశాడు. బిరడాలు పెట్టుకోనివాళ్లలో ఆయనే ముందుండేవాడు. మగ్గానికి జబ్బు చేస్తే దాని చప్పుడులోనే తెలుస్తుందని, చెవులు మూసుకుంటే ఆ తేడా పట్టలేనని ఆయన వాదన. ఆమె ఆ వాదనను చాలా ఏళ్లు తిట్టి, తర్వాత తిట్టడం కూడా వదిలేసింది.

పరీక్ష చేసే చెక్క గది ఒక మనిషి కూర్చునేంత. లోపల గోడలకు గుడ్లట్టల్లాంటి స్పాంజి. మనిషి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చేతిలో మీట పట్టుకుని, సన్నని కూత వినబడినప్పుడల్లా నొక్కాలి. బయట బల్ల మీద కంప్యూటరు ఆ నొక్కుళ్లను పట్టుకుని గీత గీసేది. చెవి బాగుంటే గీత పైన తిన్నగా సాగుతుంది. మోతలో పనిచేసే మనిషికి సెకనుకు నాలుగు వేల కంపనాలుండే సన్న కూత దగ్గర, చెంచాతో తవ్వినట్టు, ఒక గుంట పడుతుంది. ముసలితనం వల్ల వచ్చే చెవుడుకు ఆ గుంట ఉండదు, గీత మెల్లగా ఏటవాలుగా దిగిపోతుంది. ఈ తేడా ఆ మిల్లులో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరూ అనుకోలేదు.

ఏడాదికి ఒక డిస్కు. అరచేయంత నల్లటి పల్చటి చదరం, మధ్యలో బెజ్జం, మీద కాగితపు తొడుగు. లోకంలో ఆమె మర్యాద చూపించినవి ఏవైనా ఉన్నాయంటే అవి ఆ డిస్కులే. లేబులు మీద బాల్‌పెన్ను ఆనించేది కాదు, నొక్కు పడుతుందని. మెత్తటి స్కెచ్ పెన్నుతో ఏడాది, షెడ్డు నంబరు రాసేది. నిండిన డిస్కు అంచున ఉన్న గాడికి స్టిక్కరు అంటించేది, పొరపాటున కూడా ఎవరూ దాని మీద మళ్లీ రాయకుండా. అలా పద్నాలుగేళ్లలో పద్నాలుగు డిస్కులు అయ్యాయి. ప్రోగ్రాం ఉన్న డిస్కు ఇంకొకటి.

పదిహేనో ఏడు మిల్లుకు కంప్యూటర్ల ఇన్‌చార్జి అంటూ ఒకతను వచ్చాడు. రెండో మాటకల్లా అప్‌డేట్ అనేవాడు కాబట్టి నెల తిరక్కుండా అప్‌డేట్ బాబు అయిపోయాడు. మెడలో బిళ్ల, చంకలో లాప్‌టాప్. డిస్పెన్సరీలోకి చెప్పులతో వచ్చి, పాత కంప్యూటరును ఎగాదిగా చూసి, మ్యూజియంలో బొమ్మను చూసినట్టు నవ్వాడు.

"సిస్టర్, ఇది తీసేస్తున్నాం. కొత్తది పంపిస్తా."

"ఈ డిస్కులు దాంట్లో ఎక్కడ పెట్టాలి?"

"పెట్టడానికి స్లాటే ఉండదు. ఈ సైజు ఇప్పుడెవరూ వాడటం లేదు. సపోర్ట్ ఎప్పుడో తీసేశారు."

"ఎవరు తీసేశారు?"

"అంటే... కంపెనీలు. ప్రపంచమంతా."

"ప్రపంచం నన్నడగలేదే. సరే, వీటిలో ఉన్నదంతా ముందు కొత్తదాంట్లోకి ఎక్కించండి. తర్వాత మీ ఇష్టమొచ్చింది పీక్కోండి."

"చిన్న డిస్కులైతే నా దగ్గర డ్రైవు ఉంది. ఈ పెద్దవాటికి లేదు. ఎక్కడో దొరికినా, ఆ పాత ప్రోగ్రాం కొత్త మిషన్లో నడవదు. అయినా పాత నంబర్లు ఎవడిక్కావాలి సిస్టర్? ఇకనుంచి బయటి వ్యాను వాళ్లొచ్చి టెస్టు చేస్తారు. ఫిట్ అని కాగితం ఇచ్చేస్తారు, అయిపోయింది."

చదువుకున్న మూర్ఖుడికి బదులు చెప్పడం ఊపిరి దండగ అని ఆమె నమ్మకం. "అయితే ఇవి పనికిరావని రాసిచ్చి, గేటు పాస్ ఇవ్వండి. నేను పట్టుకుపోతా" అంది.

అతను నిలబడే రాసిచ్చాడు. "పనికిరాని కంప్యూటరు ఒకటి, పనికిరాని డిస్కులు ఒక డబ్బా, సిబ్బంది కోరికపై ఇవ్వడమైనది." కింద సంతకం, తేదీ, ముద్ర. అవి ఆటోలో ఆమె ఇంటికి వెళ్లాయి. కంప్యూటరు మీద దుప్పటి కప్పి దాని మీద ఇస్త్రీ చేసుకునేది. డిస్కుల డబ్బా చీరల బీరువా పై అరలో పెట్టింది.

వ్యాను వాళ్లు నిజంగానే ఏడాదికోసారి వచ్చేవారు. మిల్లు గేటు ముందు, లారీల హారన్ల మధ్య వ్యాను ఆపి, మనిషికి మూడు నిమిషాల చొప్పున కానిచ్చేవారు. అందరూ ఫిట్. మేస్త్రీ అరిస్తే వెనక్కి తిరగని మనిషి ఫిట్. ఫోను మోగుతుంటే జేబులో ఏదో వణుకుతోందని తడుముకునే మనిషి ఫిట్. ఆమె భర్తా ఫిట్టే. ఆ కాగితాలను ఆమె డిస్పెన్సరీలో వచ్చిన వరుసలోనే ఫైలు చేసేది, మనసులో ఉమ్మేసి.

పదకొండేళ్లు అలా గడిచాయి. అప్పుడు మగ్గాల షెడ్డు నుంచి అరవై ముగ్గురు, ఆడా మగా కలిసి, మోత వల్ల చెవులు పోయాయని లేబరాఫీసులో దరఖాస్తు పెట్టారు. ఆమె భర్త పేరు అందులో నాలుగోది. మిల్లు జవాబు నోటీసు బోర్డు మీద అంటించారు. ఆ చెవుడు వయసు వల్ల వచ్చిందే అన్నారు. పదకొండేళ్లుగా అందరూ ఫిట్ అన్నారు. అంతకు ముందటి పరీక్షల సంగతి రెండే వాక్యాల్లో తేల్చేశారు: సదరు రికార్డులు కాలం చెల్లిన రూపంలో ఉన్నవి. నేడు వాడుకలో ఉన్న ఏ కంప్యూటరూ వాటిని చదవజాలదు. కింద అప్‌డేట్ బాబు సంతకం. ఇప్పుడతను సిస్టమ్స్ మేనేజరు.

ఆమె ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. పద్నాలుగేళ్ల పాటు ఒక్కొక్కరి నెత్తిన హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక్కొక్కరి కోసం పావుగంట ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఆ బతుకంతా డిస్కు పెట్టే సందు లేని ఒక డబ్బా పేరు చెప్పి చెత్తబుట్టలో వేశారు. కంప్యూటరు చదవలేదట. ఏనాడైనా వీళ్లు చదివారా?

ఆ ఆదివారం పొద్దున్నే దుప్పటి తీసి, దుమ్ము తుడిచి, కంప్యూటరుకు కరెంటు పెట్టింది. తెర మీద పచ్చటి అక్షరాలు మెల్లగా వచ్చాయి. డిస్కు పెట్టి మీట తిప్పితే డ్రైవు గుర్రుమని, కాసేపు కొట్టుకుని, చదవలేనని చేతులెత్తేసింది. అప్‌డేట్ బాబు నవ్వు గుర్తొచ్చి ఆమెకు ఒళ్లంతా కారం రాసినట్టయింది.

భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనకు ఎదురుగా మొహం పెట్టి, పెదవులు స్పష్టంగా కదిపితేనే మాట అందుతుంది.

"చెడిపోయింది" అంది.

"నువ్వు చెప్తే చెడిపోదు. విప్పనీ."

మరలు విప్పి, రేకు తీసి, తిరుగుతున్న డ్రైవు ఒంటి మీద మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. చెవులు పోయాక మగ్గాల జబ్బు కూడా ఆయన అలాగే పట్టేవాడు. కుర్రమెకానిక్కులు చెవి ఆనించి వెతికే తప్పును ఈయన అరచేత్తో తడిమి చెప్పేవాడు.

"మోటారు బాగానే ఉంది. వణుకు సమంగానే వస్తోంది. ముందుకీ వెనక్కీ జరిగేదేదో పట్టేసింది."

జరిగేది డిస్కును చదివే తల. అది నడిచే రెండు కడ్డీల మీద ఎప్పటిదో గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి, ఆమె డిస్పెన్సరీ నుంచి తెచ్చిన స్పిరిట్టులో ముంచి, ఆ గ్రీజును గోకి తీశాడు. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేశాడు. తలను దూదితో ఆమె తుడిచింది, పసిపిల్ల కన్ను తుడిచినట్టు. ఈసారి ప్రోగ్రాం ఎక్కింది. ఒకటో డిస్కు పెట్టింది. తెర మీద గీత నిలబడింది, పేరుతో, తేదీతో.

సాయంత్రానికి పద్నాలుగింటిలో పన్నెండు చదివింది. మూడోదీ పదకొండోదీ బూజు పట్టి పోయాయి. భర్త తన గీతను ఒక్కో ఏడాదీ చూసుకుంటూ వచ్చాడు. మొదట తిన్నగా ఉంది. నాలుగో ఏట చిన్న నొక్కు. ఏడో ఏట గుంట. ఎనిమిదో ఏటికి ఆ గుంటలో బొటనవేలు పడుతుంది. తొమ్మిదో డిస్కు పెట్టగానే గీత మళ్లీ పైకి లేచి, తాడు కట్టినట్టు తిన్నగా సాగింది.

ఆయన తెరను చూశాడు, ఆమెను చూశాడు. "ఆ ఏడు నాకు బాగానే వినబడిందన్నమాట" అన్నాడు.

ఆమె డిస్కును బయటికి లాగింది. ఆ ఏడు బయటి దేశం నుంచి సరుకు కొనేవాళ్లు మిల్లు చూడ్డానికి వస్తున్నారని, చెవుల లెక్కలు అడుగుతారని మేనేజరు ఆమెను పిలిచాడు. అందరికీ నార్మల్ అని పడాలి, అన్నాడు. కోప్పడలేదు, బెదిరించలేదు. టీ తెప్పించి ఇచ్చాడు. ఆమె వచ్చి కూర్చుని, ఒక్క మధ్యాహ్నంలో, నూట ఎనభై ఆరు మందికి పరీక్షే లేకుండా రెండు చెవులకూ మంచి చెవికి పడే అంకె, ఇరవై, ఇరవై, ఇరవై అని చేత్తో కొట్టేసింది. బిరడాలు తుపాకీలో పెట్టుకునే వెధవలకు ఏ అంకె రాస్తే ఏం పోయింది అనుకుంది. భర్త పేరు వచ్చినప్పుడు వేలు ఆగిందా అంటే, ఆగలేదు. లోకంలో అందరినీ తూచి పారేసిన మనిషి, ఆ త్రాసులో తానెప్పుడూ కూర్చోలేదు.

"ఇదొక్కటీ చదవలేదని చెప్పొచ్చు" అంది. "రెండు ఎలాగూ పోయాయి. మూడు పోయాయంటే ఎవరికి తెలుస్తుంది?"

"అప్‌డేట్ బాబూ అదే కదా అంటున్నాడు. చదవలేదని."

ఆ మాట ఆమెకు చెంప మీద తగిలినట్టయింది. ఆయన డిస్కును తొడుగులో పెట్టి, ఎనిమిదికీ పదికీ మధ్య దోపి, మగ్గాల షెడ్డుకు వెళ్లేటప్పుడు వేసుకునే నీలం చొక్కా ఉతకడానికి దొడ్లోకి వెళ్లిపోయాడు.

లేబరాఫీసులో విచారణ గది మేడ మీద. పొడవాటి బల్ల, వైరు కుర్చీలు, గోడకు రెండే ప్లగ్గులు. అందులో ఒకటి పనిచేయదు, రెండోదానికి అప్‌డేట్ బాబు లాప్‌టాప్ తగిలించి ఉంది. పక్కన మేనేజరు, జుట్టుకు రంగేసుకుని, చేతులు కట్టుకుని. ఆమె వెనకాల ఇద్దరు నేతగాళ్లు కంప్యూటరు మోసుకొచ్చి బల్ల మీద దించారు. విచారణ అధికారిణి ఆమె వయసుదే, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని చూసింది.

"ఏమిటమ్మా ఇది?"

"ఏ కంప్యూటరూ చదవలేదని వీళ్లు రాసిచ్చారు మేడం. ఇది చదువుతుంది."

మేనేజరు లేచాడు. "అది కంపెనీ ఆస్తి. ఈవిడ ఇంటికెలా వెళ్లింది?"

ఆమె సంచిలోంచి గేటు పాస్ తీసి అధికారిణి ముందు పెట్టింది. అధికారిణి చదివి, కాగితాన్ని అప్‌డేట్ బాబు వైపు తిప్పింది. "సంతకం మీదేనా?"

"నాదే. కానీ అప్పుడు... వాడుకలో లేని ఫార్మాట్ కదా మేడం. టెక్నికల్‌గా..."

"మీరు ఆ ప్లగ్గు తీస్తే, టెక్నికల్‌గా దీనికి పెట్టుకుంటాను" అంది చెవులమ్మ.

అతను తీశాడు. డ్రైవు గుర్రుమంది. గదిలో ఉన్న అరవై ముగ్గురిలో ఆ చప్పుడు విన్నవాళ్లు పది మందో, పదిహేను మందో. మిగతావాళ్లు తెర మీద తమ పేరు పైకి రావడం చూశారు. ఒక్కొక్కరి గీతా ఏడాది తర్వాత ఏడాది గుంటలోకి దిగుతుంటే ఆమె పెన్నుతో చూపిస్తూ పోయింది. ఇది వయసు గీత కాదు మేడం, మోత గీత, అని చెప్పింది. వీడికప్పుడు ముప్పై ఒక్కేళ్లు, ముసలాడెలా అవుతాడు, అని అడిగింది. అప్‌డేట్ బాబు మెడలో బిళ్లను తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ బిళ్ల కాక అతనిలో ఇంకేమైనా ఉంటుందేమోనని ఆమె ఒకసారి చూసింది. ఏమీ లేదు.

తొమ్మిదో డిస్కు వచ్చింది. మేనేజరు ముందుకు వంగాడు. "చూడండి. ఆ ఏడు అందరికీ నార్మలే. అంటే ముందువీ తర్వాతవీ నమ్మడానికి లేదు."

"అది దొంగ డిస్కు మేడం" అంది ఆమె. "కూర్చుని కొట్టింది నేను. కొట్టమన్నది ఈయన."

"అబద్ధం. ఆ మాట నేనెన్నడూ అనలేదు."

"ఆయన అన్నదానికి సాక్ష్యం నా దగ్గర లేదు. నేను కొట్టినదానికి ఉంది. ప్రతి పేరు పక్కన కంప్యూటరు వేసిన టైము చూడండి."

అధికారిణి లేచొచ్చి, తెర మీదికి వంగి చదివింది. మొదటి పేరు మధ్యాహ్నం ఒంటిగంటకు. చివరి పేరు ఆరింటిలోపు. నూట ఎనభై ఆరు మంది. మనిషికి నిమిషంన్నర.

"అసలు పరీక్షకు ఎంతసేపు పడుతుంది?"

"పావుగంట. మిగతా డిస్కులన్నిట్లో అంతే ఉంది. చూసుకోవచ్చు."

"ఇది తేకపోతే మాకు తెలిసేదే కాదు. ఎందుకు తెచ్చారు?"

ఆమెకు గొప్పగా చెప్పడానికి ఏమీ తోచలేదు. "వీళ్లను ఇన్నేళ్లు తిట్టుకున్నాను మేడం. ఇది దాస్తే, వీళ్లను తిట్టడానికి నాకు నోరుండదు" అంది.

వెనక కుర్చీల్లో ఒక నేతపనావిడ పక్కామెను మోచేత్తో పొడిచి, ఏమంటోందని పెద్దగా అడిగింది. పక్కామె ఇంకా పెద్దగా, మనందరికీ దొంగ లెక్క రాసిందట, అని చెప్పింది. ఆ మాట గదంతా వినబడింది. చెవులమ్మ వెనక్కి తిరగలేదు. మెడ మాత్రం ఎర్రబడింది.

ఏడు నెలలకు తీర్పు వచ్చింది. డిస్కుల్లో గుంట కనబడిన యాభై ఎనిమిది మంది చెవుడుకు మిల్లుదే బాధ్యత అన్నారు. అందరికీ వినికిడి యంత్రాలు పెట్టించాలి, పరిహారం ఇవ్వాలి, షెడ్డులో మోత తగ్గించాలి. మిగతా ఐదుగురూ పదేళ్ల లోపే చేరినవాళ్లు. వాళ్లకు డిస్కు లేదు, వ్యాను ఇచ్చిన ఫిట్ కాగితమే ఉంది, కాబట్టి ఏమీ రాలేదు. ఆ ఐదుగురూ ఆమె ఎదురుపడితే తల తిప్పుకునేవారు. ఈ ఒక్క విషయంలో ఆమె వాళ్లను తప్పుపట్టలేదు. వ్యాను కాగితాలను నోరెత్తకుండా వరుసగా ఫైలు చేసింది తానే కదా.

భర్తకు యంత్రం పెట్టించిన రోజు ఆయన వీధిలోకి వచ్చి బస్సు హారనుకు ఉలిక్కిపడి, గోడకు ఆనుకుని, ఇంత గోల ఎలా భరిస్తున్నారు మీరంతా అన్నాడు. ఇంటికి రాగానే తీసి జేబులో వేసుకున్నాడు. ఆమె చేయి చాపింది. ఆయన జేబులోంచి తీసి మళ్లీ చెవికి పెట్టుకున్నాడు.

తీర్పు వచ్చిన పదో రోజున మిల్లు ఆమెను ఉద్యోగం నుంచి తీసేసింది. కారణం, వైద్య రికార్డులను తారుమారు చేయడం. తొమ్మిదో డిస్కు లెక్కే నిజమన్నట్టు విచారణలో వాదించినవాళ్లే, అది దొంగదన్న ఆమె మాటను అక్షరాలా నమ్మి ఆర్డరు రాశారు. మేనేజరు సంతకం పెట్టాడు. గేటు దగ్గరి గుమాస్తా ఆ కవరు తెచ్చి, తలవంచుకుని ఇచ్చాడు.

"సంతకం పెట్టివ్వండి అక్కా. అందిందని."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ నిదానంగా చదివింది. "ఆరోపణ" అన్న చోట ణకు బదులు న పడింది. ఆమె చేరిన ఏడాది తప్పు. డిస్కులు పదమూడు అని రాశారు. ఎర్ర పెన్ను తీసి మూడింటినీ దిద్దింది. పదమూడును కొట్టేసి పద్నాలుగు అని, పక్కన పొట్టి సంతకం చేసింది.

"ఇది మళ్లీ టైపు చేయించి పట్టుకురా. ఇలాంటిదాని మీద నేను సంతకం పెట్టను."

గుమాస్తా నవ్వాలో వద్దో తెలియక కాగితం పట్టుకుని వెళ్లాడు. సాయంత్రం నాలుగింటికి తప్పులు సరిచేసిన ఆర్డరు వచ్చింది. ఆమె అందినట్టు సంతకం పెట్టి, డిస్పెన్సరీ తాళాలు అతని చేతిలో పెట్టి, కట్టు కోసం గుమ్మంలో నిలబడిన ఒక నేతగాడి వేలికి కట్టు కట్టేసి, గేటు దాటి వెళ్లిపోయింది.